రాష్ట్రేతరాంధ్ర విద్వాంసుల రచనావ్యాసంగము - విరామకాలములు

ఆంధ్రదేశపు ఎల్లలకు వెలుపల తరతరములుగా నెలకొన్న తెలుగువారి చరిత్రను వ్రాయువారు సామాన్యముగా రాజులను, దండనాయకులను, వర్తకులను, నేతపనివారిని పేర్కొందురు. విద్వాంసుల వంతు వచ్చునప్పటికి గ్రంథముల పట్టిక నిచ్చి ఊరకుందురు. ఏ గ్రంథము ఏ సంవత్సరమున అచ్చైనదో దానివలన తెలియును. ఒక గ్రంథమునకును మరియొక గ్రంథమునకును నడుమ గడచిన సంవత్సరములలో ఆ విద్వాంసుడు ఏమి చేయుచుండెనో మాత్రము ఎవ్వరును అడుగరు. ఈ వ్యాసమున నేను పరిశీలింపదలచినది ఆ నడిమి సంవత్సరములనే.

ఇది వట్టి కుతూహలముచే ఎత్తుకొన్న ప్రశ్న కాదు. మైసూరులోను, హోసూరులోను, బరంపురములోను, షోలాపురములోను అధ్యాపకవృత్తియందున్న మనవారు పలువురు. వారిలో ఏదో యొక విషయమును గూర్చి, తమ ఊరి శాసనములనో, తమవారి వృత్తిలోని మాటలనో, పెండ్లిపాటలనో నోటుపుస్తకములలో వ్రాసి పెట్టుకొన్నవారు తక్కువగా లేరు. ఆ కూర్పు వ్యాసముగా వెలువడుట మాత్రము అరుదు. కారణ మడిగినచో మొదట తీరిక లేదందురు. చనువుతో మరల అడిగినచో అసలు సంగతి బయటపడును. రెండేండ్లు విడిచిన పనిని తిరిగి ముట్టుకొనుటకు సిగ్గు. ప్రతిదినము వ్రాయువాడే పండితుడు, తాను వ్రాయలేదు గనుక తాను కాడు అను దిగులు. ఆ దిగులుచే పుస్తకము బీరువాలోనే యుండును. ఆ మనిషి గతించిన పిమ్మట ఇల్లు మారునప్పుడు అది చిత్తుకాగితముల వానికి పోవును. తెలుగు చదువు నానాటికి సన్నగిల్లుచున్న పొరుగు రాష్ట్రములలో ఇట్లు పోయినది మరల దొరకదు; చెప్పిన ముసలమ్మయు ఉండదు, విన్నవాడును ఉండడు.

ఈ దిగులు మన పూర్వుల విద్యాపద్ధతినుండి వచ్చినది కాదని మొదట చెప్పవలెను. వేదాధ్యయనమునందు అనధ్యయన దినములు విధింపబడినవి. పాడ్యమి, అష్టమి, చతుర్దశి, పున్నమ, అమావాస్య - ఈ తిథులలో పాఠము కూడదు. పాడ్యమినాడు చదివినవాని విద్య క్షీణించునని కావ్యములలో ఉపమానముగా గూడ నెక్కినది. మన వీథిబడులును పున్నమకు, అమావాస్యకు మూతపడెడివి. ఆ దినమున చదువకుండుట సోమరితనము కాదు, నియమమును పాటించుట. విరామము విద్యలో ఒక భాగమని, దానికి ప్రాయశ్చిత్త మక్కరలేదని ఆ ఏర్పాటు చెప్పకయే చెప్పుచున్నది. మరియొక విశేషము. ఋషిఋణము అధ్యయనముచే తీరునన్నారు గాని, గ్రంథరచనచే మాత్రమే తీరునని అనలేదు. చదివినవాడు, చదివించినవాడు ఋణము తీర్చుకొనుచున్నవాడే. ఇన్ని పుటలు, ఇన్ని సంవత్సరములు అను లెక్క మనకు కొత్తది. విశ్వవిద్యాలయముల నిధుల సంఘము 2010లో అధ్యాపకుల రచనలకు అంకెలు కట్టు పద్ధతిని ప్రవేశపెట్టిన పిమ్మట ఆ లెక్క మఱింత గట్టిపడినది. లెక్క పదోన్నతికి పనికివచ్చిన వచ్చుగాక. విద్వాంసుని పనికి అది కొలబద్ద కాజాలదనుటకు మనవారి చరిత్రలోనే సాక్ష్యమున్నది.

అందు మొదట చెప్పదగినవారు పర్లాకిమిడిలో బ్రతుకంతయు గడపిన గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. పర్లాకిమిడి నేడు ఒడిశాలోని గజపతి జిల్లాకు ముఖ్యపట్టణము. ఆయన కాలమున అది మదరాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఒక జమీందారీ. రామమూర్తి పంతులుగారు 1863 ఆగస్టు 29న శ్రీకాకుళ ప్రాంతమునందలి పర్వతాలపేటలో జన్మించిరి. చిన్నతనముననే తండ్రిని పోగొట్టుకొని, విజయనగరమున చదివి, 1879లో మెట్రిక్యులేషను పూర్తిచేసి, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరిరి. తరువాతి పరీక్ష లన్నియు ఉద్యోగము చేయుచునే ప్రైవేటుగా చదివి యిచ్చినవి. అనగా మొదటి దశలో ఆయన పగలు పాఠము చెప్పెడివారు, మిగిలిన వేళలో పాఠము చదివెడివారు. రచనకు ప్రత్యేకముగా కేటాయించిన వేళ యనునది ఈ జీవితమున ఎక్కడ నుండును?

అయినను పని మొదలైనది. కొండలనుండి దిగివచ్చెడి సవరల మాట ఆయన చెవిని బడినది. అది తెలుగునకు గాని, ఒరియాకు గాని చుట్టము కాదు; ముండా కుటుంబమునకు చెందిన భాష. దానికి వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. తెలుగు వచ్చిన సవర నొకని యింట నుంచుకొని, వాని నోటనుండి ఒక్కొక్క మాటయే పట్టి వ్రాసికొనిరి. ఇక్కడ కొంచెము ఆగి, ఈ పని స్వభావమును గమనింపవలెను. నిఘంటువు పనికి అరగంట చాలును. ఒక మాట విని, దాని యర్థము తెలిసికొని, అది వచ్చెడి వాక్య మొకటి వ్రాసికొన్నచో ఆ మాట మట్టునకు పని పూర్తియైనట్లే. రేపు రెండవ మాట వ్రాయకున్నను ఈ మాట చెడదు. ఆరు నెలలు గడచిన పిమ్మట తెరచినను అది అక్కడనే యుండును. పెద్ద వ్యాసము అట్టిది కాదు. నడుమ విడిచినచో దారము తెగును. బడిపంతులు బ్రతుకునకు సరిపడు పని యేదో రామమూర్తి పంతులుగారికి సవర మాటలలో దొరకినది.

ఆ కాలముననే మరియొక పని నడచినది. ముఖలింగ దేవాలయమునందలి శాసనములను చదువుటకై ప్రాచీనలిపులను తామే నేర్చికొని, కళింగనగర మదియేయని వాదించి ఇంగ్లీషు పత్రికలలో వ్యాసములు వ్రాసిరి. భాష విసిగించినప్పుడు శాసనము, శాసనము అంతుపట్టనప్పుడు భాష - ఇట్లు రెండు చేలు దున్నిన రైతువలె పనిచేసిరని తోచుచున్నది. ఒక చేను పడావు పడియున్న యేట రెండవది పండినది. వ్యవసాయము నెఱిగినవాడు పడావును నిందింపడు.

సవరల పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పవలెనని ఆయన సంకల్పము. వాచకములు తామే వ్రాసి, బడులు తెరచి, వానికి తమ సొంత ధనము వెచ్చించిరి. ప్రభుత్వమువారు పారితోషిక మిచ్చెద మన్నప్పుడు, ఆ ధనముతో సవరలకు బడి పెట్టుడని కోరిరని ప్రసిద్ధి. 1913లో రావుబహదూరు బిరుదము వచ్చినది. కొండలలో తిరుగుటవలన చలిజ్వరము తగిలి, దానికై వాడిన క్వినైనుచే వినికిడి దెబ్బతిన్నది. మాటను చెవితో పట్టవలసిన విద్వాంసునకు చెవియే సరిగా పనిచేయకపోవుట కన్న పెద్ద ఆటంక మేముండును? అయినను పని ఆగలేదు. విని వ్రాయుట కష్టమైనప్పుడు, అంతవఱకు వ్రాసిన దానిని సరిచూచుట, వర్గీకరించుట మిగిలియున్నవి. ఒకే పనిలో అనేక తరగతుల పనులున్నవని గ్రహించినవానికి ఒక తలుపు మూసినచో మరియొకటి తెరచియుండును.

సవర వాచకములు మొదలైనవి 1910వ దశకపు పూర్వార్ధమున వెలువడినవి. ఆయన సవరభాషా వ్యాకరణ గ్రంథము మదరాసు ప్రభుత్వ ముద్రాలయమున అచ్చైనది 1931లో. నడుమ ఇంచుమించు ఇరువది యేండ్లు. అంకెలు కట్టువాడు ఈ ఇరువది యేండ్లను సవర శాఖలో సున్నగా వేయును. ఆ కాలమున జరిగిన దేమి? 1907లో ఉత్తర సర్కారులకు పాఠశాలల ఇన్స్పెక్టరుగా వచ్చిన జె. ఏ. యేట్సు దొరగారు, బడులలో నేర్పు తెలుగునకును ఇండ్లలో మాటాడు తెలుగునకును నడుమ నున్న అంతరమును ప్రశ్నించిరి. అంతటినుండి పంతులుగారి దృష్టి తెలుగువైపునకు మరలినది. 1913లో ఆధునికాంధ్రమును గూర్చి ఇంగ్లీషున విజ్ఞాపనము. అటుపై సభలు, సంఘములు, ప్రతివాదములు. 1919లో 'తెలుగు' అను మాసపత్రిక, అదియు ఒక యేడాది మాత్రమే నడచినది. వాడుకభాషోద్యమ చరిత్ర పాఠకులకు తెలిసినదే గనుక విస్తరింపను. ఆ మహానుభావుని గూర్చి ఈ గ్రాంథికమున వ్రాయుట చూచినచో ఆయన నవ్వియుండెడివారని మాత్రము అనుకొందును.

ఆ విజ్ఞాపనము గడువునకు లోబడి చేసిన రచన. సంఘము కూర్చున్న దినమునకు కాగితము సిద్ధముగా నుండవలెను. అట్టి పనులు మనిషిని తొందరపెట్టును, ఒక్కొక్కప్పుడు మేలును చేయును. కాని సవర వ్యాకరణమును తొందరపెట్టిన గడువు లేదు. అది బీరువాలో పదిలముగా నుండినది. ముఖ్యమైనది, మరల చేతికి వచ్చినది. 1931లో ఆయన వయస్సు 68. అటుపై 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చినవి. ఈ రెండింటికి నడుమ 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక పరగణా ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరినది. తెలుగువారి పక్షమున ఆ యేర్పాటును వ్యతిరేకించిన పంతులుగారు ఊరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. ఏబదియారేండ్లు నివసించిన యిల్లు విడిచిన మనిషి రెండేండ్లకు నిఘంటువును పూర్తిచేసి యిచ్చినాడు. ఆయన మనస్సులోనికి తొంగిచూడ నవసరము లేదు. ఈ తేదీల వరుసయే చాలును. పని నడుమ ఆగుట వేరు, పనిని విడుచుట వేరు. ఆయన కుమారులు సీతాపతిగారును సవరభాషపై కృషిచేసిరి గనుక, ఆ యింట ఆగిన చోటు ఒకరికి తెలియకున్న మరియొకరికైనను తెలిసియుండెడిది. ఇది చిన్న సంగతి కాదు. ఒంటరిగా వ్రాయువానికి విరామము అగాధము. ఇంట మరియొకరు తోడున్నవానికి అది ఒక మజిలీ.

ఇట్లు తోడుగా వ్రాసిన మరియొక తెలుగిల్లు మధ్యపరగణాలలో నుండెను. కొమఱ్ఱాజు వెంకట లక్ష్మణరావు పంతులుగారు బాల్యముననే తండ్రిని పోగొట్టుకొని, అక్క భండారు అచ్చమాంబగారి యింట నుండి నాగపురమున చదువుకొనిరి. అచ్చమాంబగారి భర్త మాధవరావుగారు అక్కడ ఇంజనీరు. తమ్ముడు చదువుచుండగా అక్కయు చదువు నేర్చినది. తమ్ముడు మరాఠీ పత్రికలకు వ్యాసములు వ్రాయునంతటి వాడైనాడు. అక్క తెలుగున స్త్రీల చరిత్రలను కూర్చి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి సంపుటమును 1901లో వెలువరించినది. ఆమె తలపెట్టినది పెద్ద గ్రంథము; 1905లో బిలాసపురమున అకాలమరణము పొందుటచే అది నిండలేదు. అయినను ఆమె వ్రాసిన ప్రతి చరిత్రయు తనంత తాను పూర్తియైనదే. ఒకటి ముగిసిన తరువాత సంసారము పిలిచినచో లేచి పోవచ్చును. తిరిగి వచ్చి మరియొక స్త్రీ చరిత్ర నెత్తుకొనవచ్చును. ఉద్యోగ మార్పులతోడి ఇంజనీరుగారి యింటిని దిద్దుకొనుచు వ్రాసిన ఇల్లాలికి ఆ రూపమే అనువైనది. గ్రంథము అసంపూర్ణమైనను అందలి రచన యేదియు అసంపూర్ణము కాకుండుటలో ఆమె వివేకము కనబడుచున్నది.

తమ్మునిగారు చేపట్టిన మహాకార్యమునకు రూపము వేరు. మునగాల సంస్థానమున దివానుగా నుండుచు, 1906లో విజ్ఞానచంద్రికామండలి స్థాపనకు కారకులై, పిమ్మట మదరాసునుండి ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును ఆరంభించిరి. సర్వస్వము అకారాది క్రమమున నడువవలసినది. 1923 జూలైలో, 46 ఏండ్ల వయస్సున, ఆయన మరణించునప్పటికి మూడు సంపుటములు వచ్చినవి. మూడింటిలోను అకారమే ముగియలేదు. ఆయన శ్రద్ధను శంకించువాడు పాపాత్ముడు. దోషమున్నచో క్రమమునందున్నది. అకారాది క్రమము విద్వాంసుని తీరికను, సిద్ధతను అడుగదు. నేడు నీకు శాసనములపై మనస్సున్నను, వరుసలో వచ్చినది ఖగోళశాస్త్ర మైనచో దానినే వ్రాయవలెను. ఆ వ్యాసకర్తకు జబ్బు చేసినచో వెనుకనున్న నూరు వ్యాసములును నిలిచిపోవును. అట్టి క్రమము పెద్ద సంఘమునకు సాధ్యము. ఒక దివాను విశ్రాంతివేళలకు సాధ్యము కాదు. 1947లో మదరాసున ఏర్పడిన తెలుగు భాషాసమితివారు తమ విజ్ఞానసర్వస్వమును శాస్త్రమున కొక సంపుటముగా విభజించిరి. ఏ సంపుటము ముందు సిద్ధమైనచో అది ముందు రావచ్చును. లక్ష్మణరావు పంతులుగారి అనుభవము వారికి పాఠమైనదో లేదో గాని, మార్పు మంచిదే. పంతులుగారు చరిత్రను గూర్చి విడివిడిగా వ్రాసిన వ్యాసములు మాత్రము 'లక్ష్మణరాయ వ్యాసావళి'గా కూర్పబడి నేటికిని చదువబడుచున్నవి.

మదరాసు ప్రాచ్యలిఖితపుస్తకాగారమున పనిచేసిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారిని ఒక మాటతో దాటిపోవుట అన్యాయమే. అయినను ఇక్కడ కావలసిన దొక్కటే. తాళపత్రములు చూచుట ఆయన ఉద్యోగము. ఆ పత్రముల అంచులలోను, పెద్దల నోళ్లలోను దొరకిన ఒంటరి పద్యములను ఏరి కూర్చుటచే 'చాటుపద్య మణిమంజరి' పుట్టినది. ఉద్యోగమునకును రచనకును పోరు లేకుండ చేసికొనుట ఎట్లో ఆయనవద్ద నేర్చుకొనవలెను.

ఇక మైసూరు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు అనంతపురము జిల్లానుండి బాల్యముననే మైసూరు చేరి, పరకాలమఠమున సంస్కృతము చదివి, 1912 మొదలు 1949 వఱకు మహారాజా కళాశాలలో తెలుగు పండితులుగా నుండిరి. కన్నడదేశమున తెలుగు చెప్పుచు, సంగీతము అభ్యసించుచు, గడపిన సంవత్సరము లవి. అంత కాలమునకు ఆయన గ్రంథరాశి చిన్నది. వేమనపై ఆంధ్రవిశ్వకళాపరిషత్తు పక్షమున 1928లో ఇచ్చిన ఉపన్యాసములు 1929లో పుస్తకమైనవి. గాథాసప్తశతికి తెలుగు చేసిరి. సాహిత్య వ్యాసములు కొన్ని వ్రాసిరి. పుటలు లెక్కించువానికి ఇది ముప్పదియేడేండ్ల పనివలె తోచదు. కాని వేమనను గూర్చి మాటాడువారు ఆ పుస్తకమును కాదని ముందునకు పోలేకున్నారు. ప్రాకృతము, పాట, పాఠము - ఈ మూడును పండిన పిమ్మట గాని ఆ తూకము గల వాక్యము రాదు. సంగీతమునకై వెచ్చించిన గంటలు సాహిత్యమునకు నష్టమని అప్పు డెవరైన అనియుందురు. 1950 తరువాత తిరుపతిలో అన్నమాచార్య సంకీర్తనలకు స్వరము కూర్చువాడు కావలసివచ్చినప్పుడు, సాహిత్యమును సంగీతమును రెండును తెలిసినవా రాయనయే దొరకిరి. 1974లో సంగీతకళానిధి బిరుదము నందిరి.

ఈ యుదాహరణములు సోమరులకు తాయెత్తులు కావా యని ఒకరు అడుగవచ్చును. కావు. ఈ నలువురైదుగురిలో పనికి తిరిగి రానివారు లేరు. మృత్యువు అడ్డుపడినచోట తప్ప. తిరిగి వచ్చుటకు వీలుగా పనిని పెట్టిపోవుటలోనే వారి నేర్పున్నది. సవర మాటల పట్టిక, స్త్రీల చరిత్ర, చాటుపద్యము - వీనిలో ప్రతియొకటియు మనిషి లేచిపోయినను చెదరక కూర్చుండునట్టిది. నేటి అధ్యాపకుడు చేయుచున్నది దీనికి వ్యతిరేకము. ఆయన వేసవి సెలవులలో మహాగ్రంథమును తలపెట్టును. సెలవులు పెండ్లిండ్లతోను, పరీక్షాపత్రములతోను చెల్లిపోవును. జూన్ నెల వచ్చునప్పటికి గ్రంథము లేదు, దానితోపాటు మనశ్శాంతియు లేదు. ఎక్కడ ఆపినదియు వ్రాసి పెట్టుకొనడు గనుక మరుసటి వేసవికి మొదటికి రావలసియుండును. రెండు మూడేండ్లు ఇట్లు జరిగినచో, తనకు వ్రాత రాదని తీర్మానించుకొనును. వ్రాత రాకపోవుట కాదది. పని పరిమాణము తీరికకు మించుట.

కావున మన సంఘమువారికి ఒక సూచన చేయుచున్నాను. రానున్న సంచికలో పూర్తియైన పరిశోధనవ్యాసములకే కాక, పూర్తికాని సేకరణలకును కొన్ని పుటలు విడువవలెను. షోలాపురపు మగ్గము మాటలు నలుబది కూడినచో నలుబదియే అచ్చువేయవచ్చును. బరంపురపు పెండ్లిపాట మూడు చరణములే దొరకినచో మూడే. క్రింద సేకరించినవారి పేరు, ఏ సంవత్సరము మొదలిడి ఏ సంవత్సరమున ఆపినది, ఇంక ఎవరిని అడుగవలసియున్నది, ఏ ఊరికి పోవలసియున్నది - ఈ నాలుగు సంగతులు ఉండవలెను. నలుబదియొకటవ మాట తెలిసినవాడు వేరొక ఊర నుండవచ్చును. అతడు దానిని పంపుటకు చిరునామాయు అక్కడనే అచ్చువేయవలెను.